అండమాన్ దీవుల్లో సుఖవ్యాధులు: మందులకు లొంగని బ్యాక్టీరియా చరిత్ర

సుఖవ్యాధులు కలిగించే బ్యాక్టీరియా యాంటీబయాటిక్‌ను తట్టుకుని బతికి, ఆ శక్తిని తర్వాతి తరాలకు అందించడాన్ని మందుల నిరోధకత అంటారు. అండమాన్ దీవుల్లో ఈ చరిత్ర నయం చేసే మందే లేని కాలం నుంచి మొదలవుతుంది.

1858 మార్చిలో బ్రిటిష్ ప్రభుత్వం పోర్ట్‌బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం నెలకొల్పింది. అయిదేళ్లకు రాస్ దీవిలో ‘అండమాన్ హోమ్’ తెరిచి, గ్రేట్ అండమానీ తెగల వారిని అడవి నుంచి రప్పించి ఖైదీల కాపలాలో ఉంచింది. 1876లో వారిలో సవాయి రోగం, అంటే సిఫిలిస్, బయటపడింది. మరుసటి ఏడాది తట్టు కూడా వచ్చి పడింది. అండమానీల వ్యవహారాలు చూసిన అధికారి ఎం.వి. పోర్ట్‌మన్ 1899లో అచ్చయిన రెండు సంపుటాల చరిత్రలో ఈ విషాదాన్ని నమోదు చేశాడు. అప్పటి వైద్యుల చేతిలో ఉన్నవి పాదరసం, పొటాషియం అయొడైడ్ మాత్రమే. వేలల్లో ఉన్న ఆ జనం 1901 జనాభా లెక్కల నాటికి 625 మంది, 1961 నాటికి 19 మంది. వారిని మచ్చిక చేసుకోవాలన్న పాలకుల విధానమే రోగాన్ని వారి గుడిసెల దాకా తెచ్చింది. ఈ బాధ్యతను సూక్ష్మజీవి మీదకు నెట్టడం న్యాయం కాదు.

సిఫిలిస్‌ను పెన్సిలిన్ నయం చేస్తుందని 1943లో అమెరికా వైద్యుడు జాన్ మహోనీ చూపించాడు. ఆ రోగానికి కారణమైన ట్రెపొనీమా పాలిడమ్ ఎనభై ఏళ్లు దాటినా పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది. ఇది రెండుగా విడిపోవడానికి సుమారు 30 గంటలు పడుతుంది. ఇతర బ్యాక్టీరియా నుంచి నిరోధక జన్యువులను తెచ్చుకునే ప్లాస్మిడ్‌లు దీనికి లేవు. అందుకే తొలి దశలో 24 లక్షల యూనిట్ల బెంజాథీన్ పెన్సిలిన్ ఒక్క విడత చాలు. అజిత్రోమైసిన్ విషయం అలా కాదు. బ్యాక్టీరియాలో ప్రోటీన్లను తయారుచేసే రైబోజోమ్‌లోని ఆర్‌ఎన్‌ఏలో ఒకే ఒక్క అక్షరం మారితే ఆ మందు పనికిరాకుండా పోతుంది. అలా మారిన రకాలు ఇప్పుడు చాలా దేశాల్లో వ్యాపించాయి.

సెగరోగం, అంటే గనేరియా, దీనికి పూర్తిగా భిన్నం. 1930ల చివర్లో వాడుకలోకి వచ్చిన సల్ఫా మందులు పదేళ్లు తిరక్కుండానే పట్టు కోల్పోయాయి. పెన్సిలిన్‌ను ముక్కలు చేసే ఎంజైమ్‌ను ప్లాస్మిడ్ ద్వారా తెచ్చుకున్న గనోకాకస్ (సెగరోగం కలిగించే బ్యాక్టీరియా) రకాలు 1976లో బయటపడ్డాయి. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనుగొన్నది లెడర్లీ ప్రయోగశాలలో. అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించినది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. 1948లో వాడుకలోకి వచ్చిన ఆ కుటుంబాన్ని కూడా గనోకాకస్ 1980ల మధ్య నాటికి గట్టిగా ఎదిరించింది. టెట్-ఎం అనే జన్యువు తయారుచేసే ప్రోటీన్ రైబోజోమ్‌కు పట్టిన మందును ఊడదీస్తుంది. తర్వాత సిప్రోఫ్లాక్ససిన్ కూడా ఇలాగే పట్టు కోల్పోయింది.

గనోకాకస్ తన గోడలోని పంపుతో మందును బయటికి తోడేస్తుంది. మందు చొరబడే రంధ్రాలను ఇరుకు చేసుకుంటుంది. అన్నిటికన్నా ఆందోళన కలిగించేది గొంతులో జరిగే మార్పు. అక్కడ హాని చేయకుండా నివసించే దాని బంధుజాతి బ్యాక్టీరియా చనిపోయినప్పుడు విడుదలయ్యే డీఎన్‌ఏను గనోకాకస్ లోపలికి లాక్కుని, తన పెన్-ఎ జన్యువులో అతికించుకుంటుంది. అప్పుడు సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ మందులు పట్టుకునే చోటే రూపు మారుతుంది. 2009లో జపాన్‌లోని క్యోటోలో సెఫ్ట్రియాక్సోన్‌ను గట్టిగా తట్టుకున్న రకం దొరికింది ఒక మహిళ గొంతు నమూనాలోనే. గొంతులో ఇది చాలాసార్లు ఏ లక్షణమూ చూపదు.

మన దేశంలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఏళ్ల తరబడి లక్షణాల ఆధారంగా వైద్యం నడిపింది. మూత్రనాళం నుంచి చీము వస్తే ఇచ్చే బూడిద రంగు కిట్‌లో ఒక గ్రాము అజిత్రోమైసిన్, 400 మిల్లీగ్రాముల సెఫిక్సిమ్ ఉండేవి. రెండూ ఒకేసారి మింగాలి. ప్రయోగశాల లేని చోట ఈ పద్ధతి ఎందరినో ఆదుకుంది. కాకపోతే ఏ మందు ఓడిపోతోందో క్రిమిని ప్రయోగశాలలో పెంచి చూస్తేనే, అంటే కల్చర్ చేస్తేనే తెలుస్తుంది. గనోకాకస్ ఒంటి బయట త్వరగా చచ్చిపోతుంది. నమూనా తీసిన వెంటనే చాక్లెట్ అగార్ మీద పూసి, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న గాలిలో పెంచాలి. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే నుంచి ఇప్పుడు శ్రీవిజయపురంగా పిలుస్తున్న పోర్ట్‌బ్లెయిర్‌కు సముద్రం మీద 500 కిలోమీటర్లకు పైనే. ఓడలో పంపిన దూది పుల్ల మీద ఆ క్రిమి బతికి చేరడం కష్టం. దీవుల్లో నిఘాకు ఇదే పెద్ద అడ్డంకి. అక్కడికక్కడే కల్చర్ చేసే ఏర్పాటు లేకుండా అది తొలగదు.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్లిన మత్స్యకార కుటుంబాలు వారిలో ఎన్నో. చీము గానీ నొప్పిలేని పుండు గానీ కనిపిస్తే మందుల షాపులో అడిగి రెండు మాత్రలు మింగి ఊరుకోవద్దు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్షా క్లినిక్‌లో పరీక్ష, మందు ఉచితం. భాగస్వామిని కూడా వెంట తీసుకెళ్లండి. మందు వాడిన వారానికీ చీము తగ్గకపోతే మళ్లీ అదే డాక్టరు దగ్గరికి వెళ్లి ఆ సంగతి చెప్పండి.