డెస్క్‌టాప్‌కు వైఫై పెడుతున్నారా? రూటర్‌కు తాళం వేశారో లేదో చూసుకోండి

రూటర్ హాల్లో ఉంటుంది. డెస్క్‌టాప్ పిల్లల గదిలో ఉంటుంది. గోడకు రంధ్రం చేసి కేబుల్ లాగే బదులు యూఎస్‌బీ వైఫై అడాప్టర్ ఒకటి కొని పెట్టుకుంటే సరిపోతుంది. దాన్ని బిగించడం ఐదు నిమిషాల పని. అయితే ఇంటర్నెట్ కనెక్షన్ మీ పేరు మీద ఉంటుంది. మీ వైఫై నుంచి ఎవరు ఏం చేసినా మొదటి ప్రశ్న మీకే వస్తుంది. అందుకే అడాప్టర్ పెట్టిన రోజే రూటర్ భద్రత కూడా సరిచూసుకోండి.

ఎందుకింత జాగ్రత్త?

2008 జులై 26న అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు జరిగాయి. వాటికి కొద్ది నిమిషాల ముందు మీడియా సంస్థలకు బెదిరింపు ఈమెయిల్ వచ్చింది. ఐపీ అడ్రస్ ఆధారంగా దర్యాప్తు చేసిన పోలీసులు నవీ ముంబయిలో ఉంటున్న ఓ అమెరికన్ ఇంటికి చేరుకున్నారు. ఆయనకు ఆ ఈమెయిల్‌తో సంబంధం లేదు. ఆయన వైఫైని వేరేవాళ్లు వాడుకున్నారు. అయినా ఆ విషయం తేలేవరకు ఆయన విచారణ ఎదుర్కోవాల్సి వచ్చింది.

ఇంట్లో పది ఫోన్లు ఉన్నా బయటకు సాధారణంగా కనిపించేది ఒక్క ఐపీ అడ్రస్సే. అది ఎవరి కనెక్షన్‌దో ఇంటర్నెట్ సంస్థ రికార్డుల్లో ఉంటుంది. పక్క పోర్షన్ వాళ్లకు, ఖాళీ చేసి వెళ్లిన పాత అద్దెదారులకు మీ పాస్‌వర్డ్ తెలిసి ఉంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

కొనేటప్పుడు ఏం చూడాలి?

● డ్యుయల్ బ్యాండ్ అడాప్టర్ తీసుకోండి. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటి దూరం వెళ్తుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్‌లో వేగం ఎక్కువ, దూరం తక్కువ. అపార్ట్‌మెంట్లలో 2.4లో రద్దీ ఎక్కువ కాబట్టి రెండూ ఉండటం మేలు.
● డబ్ల్యూపీఏ3 భద్రతకు సపోర్ట్ ఉందో లేదో పెట్టెపై చూడండి. కనీసం డబ్ల్యూపీఏ2 ఉండి తీరాలి.
● మీ విండోస్ వెర్షన్‌కు పనిచేస్తుందో లేదో నిర్ధారించుకోండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ కంప్యూటర్ అనుకూలిస్తే విండోస్ 11కు మారండి.

బిగించడం ఎలా?

1. అడాప్టర్‌ను యూఎస్‌బీ పోర్టులో పెట్టండి. చాలా వాటికి విండోస్ తనంతట తానే డ్రైవర్ వేసుకుంటుంది.
2. వైఫై గుర్తు కనిపించకపోతే డ్రైవర్ వేయాలి. నెట్ లేకుండా డౌన్‌లోడ్ ఎలా అంటారా? ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. తయారీ సంస్థ సొంత వెబ్‌సైట్ నుంచే డ్రైవర్ తీసుకోండి. ఊరూపేరూ లేని డ్రైవర్ సైట్ల జోలికి వెళ్లొద్దు.
3. టాస్క్‌బార్‌లో వైఫై గుర్తు నొక్కి, మీ నెట్‌వర్క్ ఎంచుకుని పాస్‌వర్డ్ ఇవ్వండి.
4. సిగ్నల్ బలహీనంగా ఉంటే చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో అడాప్టర్‌ను క్యాబినెట్ వెనక నుంచి బల్ల మీదకు తీసుకురండి. యూఎస్‌బీ 3.0 పోర్టుల నుంచి వచ్చే అలజడి 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను దెబ్బతీస్తుంది. కాస్త దూరం పెడితే తేడా తెలుస్తుంది.

అసలు తాళం రూటర్‌లోనే

బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 అని టైప్ చేస్తే చాలా రూటర్ల సెట్టింగ్స్ పేజీ తెరుచుకుంటుంది. సరైన అడ్రస్ సాధారణంగా రూటర్ కింద స్టిక్కర్‌పై ఉంటుంది. లోపలికి వెళ్లాక ఈ ఐదు పనులు చేయండి.

● అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, రూటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లడానికి వాడేది. చాలా ఇళ్లలో యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రెండూ 'అడ్మిన్' అనే ఉండిపోతాయి.
● సెక్యూరిటీ రకం డబ్ల్యూపీఏ3 లేదా డబ్ల్యూపీఏ2-ఏఈఎస్ పెట్టండి. పాత ఫోన్లు కనెక్ట్ కాకపోతే రెండూ కలిసిన మిక్స్‌డ్ మోడ్ ఎంచుకోండి. డబ్ల్యూఈపీ అని కనిపిస్తే వెంటనే మార్చండి. దాన్ని ఛేదించవచ్చని 2001లోనే తేలిపోయింది.
● పొడవైన వైఫై పాస్‌వర్డ్ పెట్టండి. 8 నుంచి 63 అక్షరాల వరకు పెట్టుకోవచ్చు. ఫోన్ నంబర్, ఫ్లాట్ నంబర్, పిల్లల పేర్లు వద్దు. 'గోంగూర-పడవ-గొడుగు-అద్దం' తరహాలో పొంతన లేని నాలుగు తెలుగు పదాలను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంటే గుర్తుంటుంది, ఊహించడం కష్టం. ఈ ఉదాహరణనే పెట్టేయకండి.
● డబ్ల్యూపీఎస్ ఆపేయండి. ఇందులోని 8 అంకెల పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తారు. దాంతో సుమారు 11 వేల ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లో బయటపడింది.
● ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి, రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపేయండి. రూటర్ ఇంటర్నెట్ సంస్థ ఇచ్చినదైతే కొన్ని సెట్టింగ్స్ తెరుచుకోకపోవచ్చు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మార్చమని అడగండి.

చుట్టాలు, స్నేహితులు వస్తే?

గెస్ట్ నెట్‌వర్క్ సదుపాయం ఉంటే దానికి వేరే పాస్‌వర్డ్ పెట్టి అదే ఇవ్వండి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయించినా పాస్‌వర్డ్ ఇచ్చినట్లే. దాన్ని ఫొటో తీసుకుంటే మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. అద్దెదారులు, రూమ్మేట్లు మారిన ప్రతిసారీ పాస్‌వర్డ్ మార్చేయండి.

వీటిని నమ్ముకుని కూర్చోవద్దు

వైఫై పేరు కనిపించకుండా దాచేస్తే చాలని కొందరు అనుకుంటారు. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో ఆ పేరు తెలుసుకోవచ్చు. మ్యాక్ అడ్రస్ ఫిల్టర్ కూడా అంతే, అడ్రస్‌ను అనుకరించడం తేలిక. బలమైన పాస్‌వర్డ్‌కు ఇవి ప్రత్యామ్నాయం కావు.

కంప్యూటర్‌లో చేయాల్సింది

విండోస్ 11 సెట్టింగ్స్‌లో 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్'లోకి వెళ్లి, వైఫై ప్రాపర్టీస్‌లో 'పబ్లిక్ నెట్‌వర్క్' ఎంచుకోండి. అప్పుడు అదే వైఫైలోని ఇతర పరికరాలకు మీ కంప్యూటర్ కనిపించదు. ఇంట్లో ఫైళ్లు, ప్రింటర్ పంచుకోవాలంటేనే 'ప్రైవేట్' పెట్టండి. ఫైర్‌వాల్ మాత్రం ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి.

ఎవరో వాడుతున్నట్లు అనుమానం వస్తే?

రూటర్ పేజీలో కనెక్టెడ్ డివైజెస్ జాబితా చూడండి. మీ ఇంట్లోని ఫోన్లు, టీవీలు, కెమెరాలు ఒక్కొక్కటీ లెక్క సరిపోల్చండి. లెక్కకు మించి కనిపిస్తే వైఫై, అడ్మిన్ పాస్‌వర్డ్‌లు రెండూ మార్చండి. పాత పాస్‌వర్డ్‌తో ఉన్నవన్నీ బయటకు వెళ్లిపోతాయి.

కంప్యూటర్‌లో వైరస్ చేరిందనుకుంటే కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్ర వెబ్‌సైట్‌లో ఉచిత టూల్స్ ఉన్నాయి. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఇతర సైబర్ నేరాలపై జాతీయ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. మీ వైఫైని ఎవరైనా దుర్వినియోగం చేశారనిపిస్తే, రూటర్‌ను రీసెట్ చేసే ముందే కనెక్టెడ్ డివైజెస్ జాబితాను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఫిర్యాదుకు అది పనికొస్తుంది.