అనుమతి లేని ప్రశ్న: డేటాబేస్ సర్వర్ల పరీక్షావిద్యను పంచుటలోని ధర్మవిచారము

హైదరాబాదులో దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను మొదలు చైతన్యపురి మీదుగా ఎల్.బి. నగర్ కూడలి వఱకు, జిల్లాలనుండి వచ్చి హాస్టళ్లలో నివసించు యువకులకు కంప్యూటరు శిక్షణాలయములు నేర్పు విద్యలలో డేటాబేస్ సర్వర్ల నిర్వహణ యొకటి. ఆ సర్వర్లను తట్టి చూచుట యందొక పాఠము. 1434 సంఖ్యగల యూడీపీ పోర్టునకు ఒక్క బైటు పంపినంతనే మైక్రోసాఫ్టు ఎస్‌క్యూఎల్ సర్వరు తన పేరును, ఇన్‌స్టెన్సుల పేర్లను, వెర్షనును, అవి వినుచున్న టీసీపీ పోర్టును జవాబుగా పంపును. పాస్‌వర్డు అడుగదు. ఈ జ్ఞానమును దాచుట అసాధ్యము, అనుచితము గూడ; ఏలయనఁగా తన యంత్రము పరులకేమి చెప్పుచున్నదో యెఱుఁగని యజమాని దానిని కాపాడుకొనజాలఁడు.

అయినను ఆ పోర్టు చరిత్రయే మనలను నిలిపి యాలోచింపఁజేయును. 2002 జూలై 24న మైక్రోసాఫ్టు ఆ పోర్టున జవాబిచ్చు సేవలోని లోపమునకు ప్యాచి విడుదల చేసెను. దానిని కనుఁగొన్న డేవిడ్ లిచ్‌ఫీల్డు పిదప బ్లాక్ హ్యాట్ అను కంప్యూటరు భద్రతా సభలో లోపమును నిరూపించు కోడును ప్రదర్శించెను. 2003 జనవరి 25న స్లామరు అను 376 బైట్ల కంప్యూటరు పురుగు ఆ లోపము ద్వారా ఇంచుమించు 75,000 యంత్రములను, అందు అత్యధికభాగమును పది నిమిషములలోనే, ఆక్రమించెను. తన కోడే దానికి నమూనాయైనదని లిచ్‌ఫీల్డు బహిరంగముగ నొప్పుకొనెను. ఆయనను దోషిగా నెంచుట నాకు సమ్మతము గాదు. ప్యాచి ఆఱు నెలల ముందే సిద్ధముగ నుండెను. కాని ఇతర సాఫ్ట్‌వేరులతోఁ గలసి ఎమ్‌ఎస్‌డీఈ అను ఉచితరూపమున నీ సర్వరు తమ యంత్రములలోఁ జేరిన సంగతియే యనేకు లెఱుఁగరు. అట్టివారికి ప్యాచి యున్నను లేనట్లే. కొత్తపేటలో నొక చిన్న క్లినిక్కు, బిల్లింగు సాఫ్ట్‌వేరుతోపాటు వచ్చిన ఉచిత డేటాబేసును తెలియకయే పెట్టుకొన్నచో, నేఁడును స్థితి యదియే. కావున లోపమును తెలియఁజేయుట వేఱు, తత్‌క్షణము పనిచేయు సాధనమును లోకమున కిచ్చుట వేఱు. యజమానులకు వార్త చేరినదా యని విచారింపక రెండవది చేయరాదు.

మఱి యా క్లినిక్కు సర్వరును పొరుగు విద్యార్థి సద్బుద్ధితోనే ప్రశ్నించి హెచ్చరించినచో? 2000 నాటి ఐటీ చట్టము కంప్యూటరుతో సంభాషించుటను గూడ ప్రవేశముగా నిర్వచించినది. 66వ సెక్షను క్రింద మూడేండ్ల వఱకు విధింపఁదగిన శిక్షకు వంచనాబుద్ధి యుండవలెను గాని, నష్టపరిహారమును విధించు 43వ సెక్షను ఉద్దేశమునే యడుగదు, అనుమతి నడుగును. 2010 ఆగస్టులో, ఓటింగు యంత్రపు లోపములను సహపరిశోధకులతోఁ గలసి నిరూపించిన హైదరాబాదు సాంకేతికుఁడు హరి ప్రసాద్ ఆ యంత్రమును దొంగిలించెనను అభియోగముపై అరెస్టయ్యెను. అప్పుడును లోపము నిజమా యనుటకంటె యంత్రము చేతికెట్లు వచ్చెననుటయే ముందునకు వచ్చినది. కంప్యూటరు భద్రతకై ప్రభుత్వము నెలకొల్పిన సెర్ట్-ఇన్ సంస్థ లోపముల సమాచారమును స్వీకరించుచున్నను, సద్బుద్ధితోఁ దెలిపినవానికి ఈ చట్టమున స్పష్టమైన రక్షణ లేదు. అట్టి రక్షణ చట్టమునఁ జేరువఱకు శిక్షణాలయములు తమ ల్యాబులోని రెండు యంత్రముల నడుమనే ప్రశ్న వేయుటను, 1434 పోర్టును ఫైర్‌వాలులో మూయుటను ఒకే పూట నేర్పవలెను. పరుల సర్వరు జోలికి యజమాని సంతకముగల అనుమతిపత్రము లేక విద్యార్థిని పంపరాదు.