చికిత్సకు తోడునీడ

ముంబయి మహానగరమున, పరేలు ప్రాంతమందు, 1941 ఫిబ్రవరి 28వ తేదీన టాటా స్మారక వైద్యశాల ద్వారములు తెరచినది మొదలు, దేశపు నలుచెరగులనుండి క్యాన్సరు రోగులు అచ్చటికి వచ్చుచునే యున్నారు. వచ్చినవారు రాత్రి తల యెచ్చట దాచుకొందురు? దాదరులోని గాడ్గే మహారాజ్ ధర్మశాల యెందరినో ఆదుకొన్నది. అందు చోటు చిక్కనివారికి ఆసుపత్రి వెలుపలి కాలిబాటయే గతి యైనది.

ఈ యిక్కట్టు పసిబిడ్డల యెడ ప్రాణాంతకము. రక్తక్యాన్సరు సోకిన బాలునికి చికిత్స రెండేండ్లకు పైబడి సాగును. ఆ తీవ్రౌషధములు వ్యాధికణములతోపాటు రోగనిరోధకశక్తినిగూడ అణచివేయుటచే, దుమ్ములో నిద్రయు, కలుషితజలమును వ్యాధికన్న ముందే బిడ్డను కబళింపగలవు. పొలము తాకట్టు పెట్టి వచ్చిన తండ్రి, కూలి పోయి అప్పు పెరుగగా, బిడ్డ మొగమున రవంత తేట కానరాగానే, వైద్యమును సగములో విడిచి ఊరిదారి పట్టును. అతనిని నిర్లక్ష్యపరుడని నిందించుట ఘోరమైన అన్యాయము. ఆ దారి పట్టించినది దారిద్ర్యము.

ఈ లోపమును గుర్తెరిగి, శ్యామా, నిహాల్ కవిరత్నే దంపతులు 2006లో ముంబయియందు 8 కుటుంబములతో సెయింట్ జూడ్ శిశుసంరక్షణ కేంద్రమును నెలకొల్పిరి. కుటుంబమునకొక శుభ్రమైన వసతి, వంటదినుసులు, ఆసుపత్రికి వాహనము, పిల్లలకు చదువు, తల్లిదండ్రులకు ఓదార్పు, సర్వము ఉచితము. ఇందు మిక్కిలి మెచ్చదగినది వంటశాల. అందరికిని ఒక్కచోట వండి వడ్డించుట సులభమే యైనను, నిర్వాహకులు కుటుంబమునకొక పొయ్యి నొసగి, వంటను తల్లుల చేతికే విడిచిరి. స్టెరాయిడ్ల మూలమున ఆకలి చెలరేగిన బిడ్డ వేళగాని వేళ అన్నమునకై మారాము చేయును. తన యింటి రుచి తప్ప వేరొకటి నోట పెట్టడు. ఒక పొయ్యిపై రొట్టె కాలుచుండ, ప్రక్కపొయ్యిపై మిరియాల చారు మరగుచుండును. ఒకరి భాష యొకరికి రాని ఆ తల్లులు "ఇవాళ కౌంటెంత?" అని మాత్రము పరస్పరము అడిగి తెలిసికొందురు, ఆ రక్తకణముల సంఖ్య పడిపోయెనేని ఆనాటి మందు ఆగునని వారందరును ఎరుగుదురు.

క్రమముగ ఈ సేవ హైదరాబాదునకును విస్తరించుట మనకు భాగ్యము. 2007లో ఉమ్మడి రాష్ట్రమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము వైద్యవ్యయమును చాలవరకు భరించినను, తండ్రి పోగొట్టుకొన్న కూలిని భరింపదు. కోలుకొని ఊరికి మరలిన బిడ్డ సైతము ఏండ్లతరబడి పరీక్షలకై రావలసియుండును. ఆదిలాబాదునుండియో, పాలమూరునుండియో వచ్చు ఆ తల్లికి బస్సుచార్జీయు, ఒక రాత్రి బసయు సమకూర్చు పని ఇంకను చాలవరకు మిగిలియున్నది.