వృకోదరుడు: మా మెట్టలో వినిపించని పేరు

జగ్గయ్యపేట, నందిగామల మెట్టసీమలో నాగేశ్వరరావులు కొల్లలు. వేదాద్రి నరసింహస్వామి చలవ వలన నరసింహారావులకూ కొదవ లేదు. తోడేలు పేరు గలవాడు మాత్రం నాకెన్నడూ ఎదురుపడలేదు.

సంస్కృతంలో తోడేలు ‘వృకము’. తోడేలు వంటి ఆకలిగొన్న ఉదరము కలవాడు కనుక భీముడు వృకోదరుడు. కడుపులో వృకమనే అగ్ని కలవాడని మరొక వ్యుత్పత్తి. భాగవతంలో శ్రీకృష్ణునికి మిత్రవింద యందు జన్మించిన కుమారులలో ఒకడు వృకుడు. వరమిచ్చిన శివుని శిరస్సుపైనే చేయి మోపబూనిన రాక్షసుడూ వృకుడే, మనవాళ్ళు భస్మాసురుడంటారు. జర్మనులు మాత్రం అడాల్ఫ్, రుడాల్ఫ్, వోల్ఫ్‌గాంగ్ అంటూ తోడేలును బిడ్డల పేర్లలో నిలుపుకున్నారు.

మనకెందుకు లేదు? జగ్గయ్యపేట స్తూపం వద్ద దొరికిన, ఇక్ష్వాకు వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరపు శాసనంలో ఆయక స్తంభాల దాత సిద్ధార్థుడు. అతని తండ్రి నాగచంద్రుడు. అంటే క్రీ.శ. 3వ శతాబ్ది నుండి నేటి వరకూ నాగుని పేరు ఇక్కడ నిలిచే ఉంది. పాముకు భయపడి పుట్టలో పాలు పోశాము, బిడ్డలకు పేరు పెట్టుకున్నాము. గొర్రెలమందపై పడే తోడేలుకు పుట్టా లేదు, చవితీ లేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తోడేలుకు రక్షణ కల్పించింది. అయినా మ్రొక్కని జంతువు కనుమరుగైతే, దానిని తలచుకొనేందుకు ఊరిలో ఒక్క పేరైనా మిగలదు.

మీ వైపు వృకోదరుడెవరైనా ఉంటే తెలియజేయగలరు.