పైకప్పు కూలకముందే

పొద్దు గుంకుతోంది. ఇల్లందు దాటి అడవి దారిలో ఉన్న ఓ పల్లెలో, వేపచెట్టు కింద మీరు కూర్చున్నారు. చుట్టూ పచ్చి తునికాకు వాసన. తెల్లారకముందే అడవికి పోయినవాళ్లు ఇప్పుడు ఇళ్ల ముందు చాపలేసుకుని కట్టలు కడుతున్నారు. కట్టకు 50 ఆకులు. మాట్లాడుతున్నా వేళ్లు లెక్క తప్పవు. ఈ కాలంలో మనుషులు దొరికేది ఈ వేళకే. అందుకే ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ఇద్దరూ ఈ పూట వచ్చారు.

ఆశా ఒళ్లో ఫారం ఉంది. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ అవే ప్రశ్నలు. వయసెంత, పొగాకు అలవాటుందా, మందు తాగుతారా, నడుము చుట్టుకొలత ఎంత. జవాబులకు వచ్చే మార్కులు 4 దాటితే ఆరోగ్య పరీక్షకు ముందు వాళ్లనే పిలుస్తారు.

"తాతా, తంబాకు పెడ్తవా?"

"పెడ్త బిడ్డా. బాయిల దిగినకాడి నుంచి అలవాటు."

బాయి అంటే బొగ్గు గని. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఈ నేల కింద బొగ్గుందని కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. అప్పటి నుంచి తరతరాలు ఆ చీకట్లోకి దిగాయి. భూగర్భ గనిలో వాయువు అంటుకుంటుందని బీడీ, అగ్గిపెట్టె పైనే వదిలి వెళ్లాలి. షిఫ్టు గడవడానికి దవడలో తంబాకు తోడుండేది. ఉద్యోగం అయిపోయింది, తంబాకు మిగిలింది.

తాత నోరు పుక్కిలించి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఏఎన్ఎం గ్లవుజులు తొడుక్కుంది. టార్చి వెలిగింది. మీరూ ముందుకు వంగి చూస్తారు. ముందు పెదవుల లోపలి వైపు. తర్వాత అంగిలి. నాలుక కొసను గాజుగుడ్డతో పట్టుకుని ఒక పక్కకు, ఇంకో పక్కకు తిప్పింది. నాలుక పైకెత్తించి అడుగు చూసింది. చివరికి కుడి బుగ్గను వేలితో పక్కకు లాగింది. కింది చిగురుకూ బుగ్గకూ మధ్య ఇరుకు సందు, ఇన్నేళ్లూ తంబాకు కుదురుకున్న చోటు. అక్కడ వేలిగోరంత తెల్లమచ్చ. గుడ్డతో తుడిచింది. పోలేదు.

"నొప్పేమన్న ఉన్నదా తాతా?"

"లేదు. కారం కూడ మంచిగనే తింటున్న."

మోసమంతా అక్కడే ఉంది. ఈ మచ్చ క్యాన్సర్ కాదు. ఇలాంటివి చాలావరకు క్యాన్సర్‌గా మారవు, కొన్ని మాత్రం మారతాయి. మారే రోజుల్లోనూ నొప్పి ఉండకపోవచ్చు. నోరు తెరవలేక, మెడలో గడ్డ కట్టి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి చేరేసరికి చేయగలిగింది తగ్గిపోతుంది. ఈ టార్చి పరీక్షకు ఫలం ఉందా అని తిరువనంతపురం జిల్లాలో 1996 నుంచి ఏళ్ల తరబడి పరీక్షించి చూశారు. శిక్షణ పొందిన కార్యకర్తలే ఇల్లిల్లూ తిరిగి నోళ్లు చూశారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు.

"భయపడకు తాతా. డాక్టరు చూడాలె. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతరు. రేపు ఇల్లందు దవాఖానకు పోదాం, నేనూ వస్త," అంది ఆశా.

"రేపు ఆకుకు పోవాలె గద. ఈ నాలుగు దినాలే కూలి."

ఎవరూ మాట్లాడలేదు. పక్కన ఆకులు కడుతున్న ముసలమ్మ చేతిలో కట్ట సగంలో ఆగింది. తాత ఆరిపోయిన టార్చి వైపు చూస్తూ ఉన్నాడు.

"బాయిల పని మొదలువెట్టే ముందు సబ్బల్‌తోటి పైకప్పు కొట్టి చూస్తుంటిమి," అన్నాడు మెల్లగా. "డొల్ల సప్పుడొస్తే దాని కింద ఎవ్వలం నిలబడకపోదుము. కూలినంక చూసుడేంది?"

నాలుకతో బుగ్గ లోపల ఒకసారి తడుముకున్నాడు.

"ఎన్నింటికి రావాలె బిడ్డా?"