కన్యాశుల్కం కూడా ఒకప్పుడు కొత్త నాటకమే!

మొన్న కొత్త నాటకానికి రమ్మంటే మా టీములో ఒకాయన "కన్యాశుల్కం వేస్తే చెప్పు గురూ, వస్తా" అన్నాడు. నవ్వొచ్చింది. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వాళ్ళు మొదటిసారి ఆడినప్పుడు అదీ కొత్త నాటకమే కదా! రాసినాయనకి అప్పటికి ముప్పయ్యేళ్ళు కూడా నిండలేదు.

1897లో పుస్తకంగా వచ్చింది. మన భాషలో వెర్షన్ 1 అన్నమాట. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి, తిరగరాసి వెర్షన్ 2 వదిలారు. ఇవాళ మనం మెచ్చుకునేది ఈ రెండోదే. ఆ మొదటిదాన్ని జనం చూడకపోయుంటే రెండోది వచ్చేదా అని నా డౌటు.

అందుకే బాగుంటుందో లేదో తెలీకపోయినా కొత్త నాటకానికి వెళ్తుంటా. నచ్చకపోతే నచ్చలేదని రచయితకే చెప్పొచ్చు. గురజాడకైతే ఇప్పుడు చెప్పలేం కదా!