సర్వర్లలో ఆపరేటింగ్ సిస్టమ్ స్థాపన పద్ధతులు

ఖాళీ సర్వర్‌లోకి ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించడానికి వాడుకలో మూడు దారులున్నాయి: యంత్రం ముందు కూర్చుని చేత్తో ఇన్‌స్టాల్ చేయడం, నెట్‌వర్క్ ద్వారా బూట్ చేసి జవాబుల ఫైలుతో ఇన్‌స్టాలర్‌ను నడపడం, సిద్ధంగా ఉన్న డిస్క్ ఇమేజ్‌ను దింపడం. సర్వర్లు ఎన్ని, వాటి హార్డ్‌వేర్ ఒకే రకమా కాదా అన్నదాన్ని బట్టి ఎంపిక ఉంటుంది.

చేత్తో ఇన్‌స్టాల్ చేసే పద్ధతిలో టేపులు, ఫ్లాపీలు, సీడీలతో చాలాకాలం గడిచింది.

నెట్‌వర్క్ బూట్ సర్వర్ల కోసం పుట్టలేదు. డిస్కు లేని వర్క్‌స్టేషన్ల కోసం పుట్టింది. 1984 జూన్‌లో స్టాన్‌ఫర్డ్ బృందం రాసిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 903 రార్ప్ ప్రోటోకాల్‌ను నిర్వచించింది. అది యంత్రానికి ఐపీ చిరునామా చెప్పేది, అంతకుమించి ఏమీ చెప్పేది కాదు. రౌటర్ దాటేదీ కాదు. 1985 సెప్టెంబరులో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్‌మోర్ బూట్‌పీని (ఆర్‌ఎఫ్‌సీ 951) రూపొందించి ఈ లోటు తీర్చారు. చిరునామాతో పాటు బూట్ ఫైలు పేరు, అది దొరికే సర్వర్ కూడా ఒకే జవాబులో వచ్చేవి. ఫైలును తెచ్చే పని టీఎఫ్‌టీపీది. చిన్న రోమ్ చిప్‌లో ఇమిడేంత సరళమైన ప్రోటోకాల్ అది: 512 బైట్లు పంపి, అందినట్టు కబురు వచ్చాకే తర్వాతి ముక్క పంపుతుంది. ముక్కల సంఖ్యకు 16 బిట్లే కేటాయించడంతో ఫైలు 32 మెగాబైట్లకు మించితే చిక్కే. కబురు ఆలస్యమైతే అక్కడి నుంచి చివరిదాకా ప్రతి ముక్కా రెండేసి సార్లు వెళ్లే దోషం కూడా ఉండేది. 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1123 దాన్ని సరిదిద్దింది. ముక్క పరిమాణం పెంచుకునే వీలు 1995లో వచ్చింది.

1993లో రాల్ఫ్ డ్రోమ్స్ రాసిన డీహెచ్‌సీపీ, ఇంటెల్ 1999 సెప్టెంబరులో వెలువరించిన పీఎక్స్ఈ 2.1 ప్రమాణం కలిశాక నెట్‌వర్క్ బూట్ మామూలు పీసీ సర్వర్లకూ అందింది. సన్ సంస్థ జంప్‌స్టార్ట్, రెడ్ హ్యాట్ కిక్‌స్టార్ట్, కొలోన్‌లో థామస్ లాంగే మొదలుపెట్టిన ఫాయ్, ఈ మూడు ఆటోమేటిక్ ఇన్‌స్టాల్ సాధనాలూ 1990లవే. కిక్‌స్టార్ట్‌లో ముచ్చటైన ఏర్పాటు ఒకటుంది. ఒక్క సర్వర్‌ను చేత్తో ఇన్‌స్టాల్ చేస్తే చాలు, మనం ఎంచుకున్న డిస్కు విభజన, ప్యాకేజీలు, టైమ్‌జోన్ అన్నీ రూట్ వాడుకరి హోమ్ డైరెక్టరీలో ఒక ఫైలుగా మిగులుతాయి. ఆ ఫైలును సవరించుకుని తక్కిన సర్వర్లకు వాడుకోవచ్చు. ఏ సర్వర్‌లో ఏం ఇన్‌స్టాల్ చేశారో ఆ ఫైలు చదివితే తెలిసిపోతుంది.

ఇమేజ్ పద్ధతికి న్యూజిలాండ్‌లో ముర్రే హాస్జార్డ్ తయారుచేసిన ఘోస్ట్ పేరు తెచ్చింది. 1998లో దాన్ని సిమాంటెక్ కొన్నది. వేగంలో ఇమేజ్ పద్ధతికి సాటి లేదు. అయితే మూల యంత్రం గుర్తింపులు కూడా నకలవుతాయి. లినక్స్‌లో మెషీన్ ఐడీ, ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు చెరపకుండా ఇమేజ్ తీస్తే సర్వర్లన్నీ ఒకే కీతో లేస్తాయి. విండోస్‌లో ఈ శుభ్రతకు సిస్‌ప్రెప్ వాడతారు.

2006లో అమెజాన్ ఈసీ2 క్లౌడ్ సేవ రాకతో ఇమేజ్‌లకు మళ్లీ గిరాకీ పెరిగింది. ఒక్కో యంత్రానికి కావలసిన మార్పులు తొలి బూట్‌లో క్లౌడ్-ఇనిట్ చేస్తుంది. సొంత సర్వర్లున్నవారికి 2012 నుంచి కనానికల్ సంస్థ సాధనం మాస్ అందుబాటులో ఉంది. 2015 నాటి ఫర్మ్‌వేర్ ప్రమాణం యూఈఎఫ్‌ఐ 2.5 హెచ్‌టీటీపీ బూట్‌ను చేర్చింది. దాన్ని వాడే యంత్రాలకు టీఎఫ్‌టీపీతో పనిలేదు.